మండువా లేని మండువా లోగిలి

సందేహం: కందుకూరులో కొత్తగా డూప్లెక్స్ ఇల్లు కట్టుకున్నాం. ముందువైపు చీమకుర్తి గ్రానైటు తాపడం చేసిన స్తంభాలు, పోర్టికో మీద బంగళా పెంకులు. మా అబ్బాయి గృహప్రవేశ పత్రికలో ‘మా మండువా లోగిలిలో’ అని వేయిస్తానంటున్నాడు. మా పెద్దనాన్న ‘లోగిట’ అనాలంటున్నారు. ఏది సరి? మిద్దె, మేడ, మండువా లోగిలి అన్నీ ఒకటేనా?

సమాధానం: పెద్దనాన్నగారి మాటకే నా ఓటు. వాకిలి, ముంగిలి, లోగిలి, కౌగిలి ఒకే తోవన నడిచే మాటలు. విభక్తి చేరేటప్పుడు చివరి ‘లి’ పోయి ‘ట’, ‘టి’ వస్తాయి: వాకిటి తలుపు, ముంగిట ముగ్గు, కౌగిట బిడ్డ. రోట్లో తల పెట్టి రోకటి పోటుకు వెరవకూడదనే సామెతలోనూ జరిగింది ఇదే. వ్యాకరణం వీటిని ఔపవిభక్తికాలంటుంది. వాకిట, ముంగిట జనం నోట నానుతున్నాయి గనుక నిలిచాయి. లోగిలి అనే మాటే వాడుకలో పలచబడటంతో ‘లోగిట’ మరుగున పడింది. ‘లోగిలిలో’ అన్నవారిని తప్పుపట్టను. శుభలేఖకు మాత్రం ‘లోగిట’ చెవికి ఇంపు, నాలుకకు సుఖం.

అసలు పేచీ మండువాతో. ఇంటి నడుమ కప్పు లేకుండా వదిలిన చోటు మండువా. చుట్టూ వసారాలు, వాటి కప్పులు లోపలికి వాలి ఉంటాయి. వాన కురిస్తే నాలుగు వైపుల చూరునీళ్లూ నట్టింట్లోనే పడి తూము గుండా బయటికి పోతాయి. గదుల తలుపులు అటే తెరుచుకుంటాయి గనుక వెలుతురూ అక్కడినుంచే. వేడెక్కిన గాలి పైకి పోయే దారీ అదే. కన్నడిగుల తొట్టి మనెలో, మలయాళుల నాలుకెట్టులో ఉన్న కిటుకూ ఇదే. స్తంభాలు ఆ వాలుకప్పును మోయడానికి పుట్టినవి. మీ స్తంభాలు స్లాబును మోస్తున్నాయో, ఎలివేషన్ కోసం ఊరికే నిలబడ్డాయో మేస్త్రీని అడగండి! ఈ మధ్య నడిహాలు పైన గాజు బిగించి, కింద తులసికోట పెట్టి, బ్రోషర్లలో దాన్నీ మండువా అనే రాస్తున్నారు. వెలుతురు వస్తుంది, నిజమే. వాన పడని మండువాను ఒప్పుకోవడం నాకు కష్టం.

మిద్దె, మేడల సంగతి తేలిక. చదునైన కప్పున్న ఇల్లు మిద్దె. పై అంతస్తు ఉంటే మేడ. మద్రాసు పద్ధతి మిద్దెకైతే టేకు దంతెల మీద సన్న ఇటుకలను సున్నంతో నిలువుగా, ఏటవాలు వరుసల్లో పేర్చి, ఆపైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి పరిచి దిమ్మిస కొట్టేవారు. సిమెంటు స్లాబు వచ్చి ఆ పనితనం పోయింది, పేరు మాత్రం పోలేదు: స్లాబు మీద వంగ, టమాటా పెంచినా మిద్దె తోటే అంటున్నాం. కోస్తాలో చాలాచోట్ల దానికే డాబా అని పేరు. మీ డూప్లెక్స్‌ను నిక్షేపంగా మేడ అనవచ్చు.

లోగిలి అంటే ఇల్లే గనుక, పత్రికలో ‘మా నూతన లోగిట’ అని వేయించండి. మండువా అనే మాట ఉండి తీరాలని అబ్బాయి పట్టుబడితే, హాలు మీది స్లాబు కోయించడానికి ఎంతవుతుందో ముందే లెక్క వేయించండి.