గ్యాస్ బావుల దగ్గర మొదటి ఏడాది: మేనల్లుడికి ఉత్తరం

సత్యనారాయణపురం, విజయవాడ.

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

తాటిపాక వైపు గ్యాస్ సేకరణ కేంద్రంలో నీకు ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ పనిలోనే ముప్పై ఏళ్లు గడిపినవాణ్ణి గనుక, శిక్షణలో అంతగా పట్టించుకోని సంగతులు కొన్ని రాస్తున్నాను.

బావి నుంచి వచ్చేది గ్యాస్ ఒక్కటే కాదు. మీథేన్‌తో పాటు నీరు, కండెన్సేట్ అనే పలుచని నూనె, కొంత కార్బన్ డయాక్సైడ్, ఒక్కోసారి ఇసుక కూడా వస్తాయి. బావి పీడనాన్ని చోక్ వాల్వు దగ్గర తగ్గించినప్పుడు గ్యాస్ ఎంత చల్లబడుతుందంటే, రోహిణీ కార్తె ఎండలో సైతం ఆ తర్వాతి గొట్టం మీద మంచు పేరుకోవడం నువ్వే చూస్తావు. లోపల తడి ఉంటే నీరూ మీథేనూ కలిసి గడ్డకట్టి దారి మూసేస్తాయి. హీటరు పెట్టేది అందుకే. అలా మూసుకుపోయినప్పుడు కంగారులో ఒక వైపు పీడనం ఒక్కసారిగా వదిలేయకు. ఆ గడ్డ తూటాలా దూసుకుపోయి వంపు దగ్గర గొట్టాన్ని చీల్చగలదు.

తడి గురించి ఇంతగా చెప్పడానికి కారణం కోనసీమలోని నగరం అనే ఊళ్లో జరిగిన ప్రమాదం. 2014 జూన్ 27 తెల్లవారుజామున అక్కడ పేలిన గొట్టం తాటిపాక నుంచి మన కొండపల్లి విద్యుత్ కేంద్రానికి గ్యాస్ మోసేది. ఇరవై మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో తడి గ్యాస్ నడిచిందని, లోపల తుప్పు తినేసిందని విచారణలో తేలింది. నీటిలో కార్బన్ డయాక్సైడ్ కరిగితే ఆమ్లమవుతుంది, అది గొట్టం అడుగున, పల్లంలో నిలిచి, ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా ఇనుమును కొరుకుతుంది. కాబట్టి గ్యాస్ ఎంత వచ్చిందన్న లెక్క కన్నా ముందు నీరు ఎంత వచ్చిందన్న లెక్క చూడు.

లాగ్‌బుక్ విషయంలో నా తప్పు ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏట, ఒక రాత్రి వాన పడుతోందని గ్యాస్ నుంచి నీటినీ కండెన్సేట్‌నూ వేరుచేసే సెపరేటరు దాకా వెళ్లకుండా ముందు షిఫ్టువారి అంకెనే తిరిగి రాసేశాను. తెల్లవారేసరికి అది నిండి కండెన్సేట్ ఫ్లేరులోకి, అంటే అక్కర్లేని గ్యాస్‌ను మండించే గొట్టంలోకి, పొంగింది, నిప్పుచుక్కలు కురిసి పక్క తోటలో కొబ్బరి మట్టలు మాడిపోయాయి. ఆ రైతు నన్ను తిట్టలేదు. మట్టలు చూపించి ఊరుకున్నాడు. గేజీ ముందు నిలబడకుండా అంకె వేయవద్దు.

వాసన రాలేదు గనుక లీకు లేదనుకోకు. వంటింటి గ్యాస్‌కు ఉన్న వాసన మెర్కాప్టాన్ అనే రసాయనం కలిపితే వచ్చినది. బావి మీథేన్‌కు అది ఉండదు. గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య మీథేన్ అంటుకుంటుంది, కనుక డిటెక్టరు జేబులో కాదు, చేతిలో ఉండాలి. అయితే కండెన్సేట్‌కు పెట్రోలు లాంటి వాసన ఉంటుంది. ఊరివాళ్లు ఎవరైనా వాసన వస్తోందని చెబితే, అది పదోసారైనా సరే, వెళ్లి చూడు. 1995లో పాశర్లపూడి బావి 65 రోజులు మండింది; ఆ మంట చూసినవాళ్లు కోనసీమలో ఇంకా చాలామంది ఉన్నారు, వాళ్ల భయాన్ని చాదస్తమని కొట్టిపారేయకు.

చిన్న బావులు కదా, దేశానికి ఇవెంత అని నీ స్నేహితులు అనవచ్చు. మన తీరానికి ఎదురుగా సముద్రంలో ఉన్న డీ6 గ్యాస్ క్షేత్రం 2010 ప్రాంతంలో రోజుకు సుమారు 6 కోట్ల ఘనపు మీటర్లు ఇచ్చి, నాలుగేళ్లలోనే నాలుగో వంతుకు పడిపోయింది. దాన్ని నమ్ముకుని కట్టిన విద్యుత్ కేంద్రాలు మూతపడ్డాయి. నేల మీది పాత బావులు అలా ఊరించవు, తమకున్న కొద్దిపాటి గ్యాస్‌నే ఏళ్ల తరబడి ఇస్తాయి. సాయంత్రం సౌర విద్యుత్తు తగ్గే వేళకు త్వరగా అందుకోగలిగేది గ్యాస్ టర్బైనే. పీడనం పడిపోతున్న బావికి కంప్రెసరు పెట్టి మరికొన్నేళ్లు లాగడం కూడా నీ పనిలో భాగమే.

మొదటి నెలలో నీ కేంద్రానికి వచ్చే ప్రతి గొట్టం వెంటా నడిచి, పల్లపు చోట్లు కాగితం మీద గీసుకో. దసరాకు వచ్చినప్పుడు ఆ కాగితం తెచ్చి చూపించు.

ఇట్లు,
మీ మామయ్య