న్యూజెర్సీ పెరట్లో క్లెమాటిస్ ఎందుకు పుంజుకోవడం లేదంటే

వసంతంలో నాటిన పెద్ద పూల క్లెమాటిస్ అనే తీగమొక్క ఇంకా ఒక్క సన్న తీగతోనే ఉండి వాడుతోందంటే, పైపైన నాటి ఉంటారు. చాలామంది కుండీలో మట్టి ఎంతవరకు ఉందో అంత లోతులోనే నాటి ఆపేస్తారు.

1. ఎండలు తగ్గాక సెప్టెంబరులో, వేళ్ల ముద్ద చెదరకుండా తీసి మునుపటికంటే 2–3 అంగుళాలు లోతుగా పెట్టండి. కింది కణుపులు మట్టిలోకి వెళ్లాలి. పైతీగ ఎండిపోయినా అక్కడి నుంచే కొత్త చిగుళ్లు లేస్తాయి. కాండం పెళుసు, కాస్త వంగినా పుటుక్కుమంటుంది. కర్ర ఊతం కట్టాకే ముట్టుకోండి.

2. వేలు దించి చూసి, లోపల పొడిగా తగిలితే పాదు తడిసేలా నీళ్లు పోయండి.

3. ఎండుటాకులు పరవండి, కాండానికి తగలనివ్వకండి.

4. మార్చిలో, నేలకు అడుగు ఎత్తున, బలమైన మొగ్గల జత పైన కత్తిరించండి. మనసొప్పదు గానీ, గుబురుగా రావాలంటే తప్పదు.