బొబ్బట్లు ఎప్పుడు పంచారో అడగండి

"పిల్లల నర్సింగ్‌లో పెరుగుదల, వికాసం అనే యూనిట్‌ను నెలల పట్టికలతో సహా బట్టీ పట్టిస్తున్నారు. డ్రిప్పులు, ఇంజెక్షన్లు, టెంపరేచర్ చార్టులతోనే డ్యూటీ గడిచిపోయే వార్డులో ఇది నిజంగా ఎక్కడైనా పనికివస్తుందా?" అని ఒక నర్సింగ్ విద్యార్థిని అడిగారు. గోదావరి ప్రాంతంలోని ఒక ప్రభుత్వాసుపత్రి పిల్లల వార్డులో చాలాకాలంగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. పనికివస్తుందని చెప్పి ఊరుకోను. ఆ యూనిట్ రానివారికి పిల్లల వార్డులో పోస్టింగే ఇవ్వకూడదంటాను.

ముందుగా బరువు సంగతి చెబుతాను. పుట్టినప్పటి బరువు సుమారు అయిదు నెలలకు రెట్టింపు, ఏడాదికి మూడింతలు, రెండేళ్ళకు నాలుగింతలు అవుతుందని మీరు వల్లె వేసే వాక్యమే మందు మోతాదుకు మొదటి కాపలా. పారాసెటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చేటప్పుడు పది కిలోల బిడ్డకు 150 మిల్లీగ్రాములు పడుతుంది, ఏడు కిలోల బిడ్డకు 105 చాలు; కేస్ షీటు మీద రాసిన అంకె ఆ వయసు బిడ్డకు పొసగడం లేదని కంటితో చూడగానే అనుమానం రావాలంటే పట్టిక తలలో ఉండాలి. స్వెట్టరు, తడిసిన లంగోటీ, డ్రిప్పు కదలకుండా చేతికి కట్టిన అట్టముక్కతో సహా బిడ్డను తూకం మీద పడుకోబెట్టి వచ్చిన అంకెను అలాగే రాసేవాళ్ళను, "పోయినసారి ఎంతుందో అదే వేసెయ్ అక్కా" అనేవాళ్ళను చూసిచూసి నాకు విసుగెత్తిపోయింది.

అసలు చెప్పదలచుకున్నది మాత్రం వికాసం గురించి, అంటే కూర్చోవడం, నడవడం, మాటలు రావడం వంటి వాటి గురించి. ఒక శివరాత్రి ముందు రోజుల్లో, పది నెలలు నిండిన ఆడపిల్లను విరేచనాలతో మా వార్డులో చేర్చారు. నీరసం తగ్గిన మరునాడు కొత్తగా వచ్చిన హౌస్ సర్జన్ ఒకాయన షీటులో ఖాళీగా ఉన్న వికాసం గడి నింపడానికి వచ్చి, "పాప ఏ నెలలో సపోర్ట్ లేకుండా కూర్చుంది? ఏ నెలలో రోలోవర్ అయింది?" అని ఆ తల్లిని అడిగారు. ఇరవై ఏళ్ళు కూడా నిండినట్లు లేని ఆ అమ్మాయి నేలచూపులు చూస్తూ "ఈమధ్యేనండి" అంది. ఆయన వికాసం ఆలస్యంగా ఉందని రాసి, ఆ కింద బరువు కూడా వయసుకు తక్కువని చేర్చి వెళ్ళిపోయారు. ఆ మాట చెవిన పడిన తల్లి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మంచం పక్కన స్టూలు మీద పిల్ల నాయనమ్మ కూర్చుని ఉంది. "మామ్మగారూ, మనవరాలు బోర్లా పడిందని బొబ్బట్లు ఎప్పుడు పంచారు?" అని అడిగాను.

"కార్తీక పౌర్ణమికి రెండ్రోజుల ముందు నర్సమ్మా. ఉపవాసాల నెల, ఎవరు తింటారత్తయ్యా అని కోడలంటే, తినేవాళ్ళే తింటారు, పిల్ల ముచ్చట ఆగుతుందా అని నేనే పూర్ణం రుబ్బాను."

"మరి కూర్చున్నదని కుడుములు?"

"సంక్రాంతి అరిసెలు ఇంకా డబ్బాలో ఉండగానే వండాను. దీని అడుగులకు మళ్ళీ వండాలి అరిసెలు." అలా అంటూనే ఎవరూ అడగని మాట ఒకటి చేర్చింది: "ఏడో నెల పిల్ల కదమ్మా, చాలా రోజులు బాక్సులో పెట్టారు, అందుకే దీనికి అన్నీ నిదానం."

షీటు తిరగేస్తే అందులో నెలలు నిండిన కాన్పు అని ఉంది. చేర్చుకునేటప్పుడు ఎవరో "నార్మల్ డెలివరీయేనా?" అని అడిగి ఉంటారు, ఆపరేషన్ కాలేదు కనుక తల్లి అవునని ఉంటుంది, ఆ ఒక్క జవాబుతో రెండు గళ్ళు నిండిపోయాయి. ఇది ప్రతి ఆసుపత్రిలోనూ జరిగేదేనని నా గట్టి నమ్మకం. పిల్ల తండ్రి ఇంటి నుంచి పాత డిశ్చార్జి కాగితం ఫోటో తీసి ఫోన్లో పంపితే అందులో 30 వారాలు, 1.3 కిలోలు అని స్పష్టంగా ఉంది. నిండు గర్భం 40 వారాలు కాబట్టి పది వారాలు ముందుగా పుట్టినట్టు. అంటే వికాసం లెక్కలో ఆమె వయసు సుమారు ఎనిమిది నెలలే. నెలలు నిండకుండా పుట్టినవారికి ఈ సవరించిన వయసునే రెండేళ్ళు వచ్చేదాకా చూడాలని మీ పుస్తకంలో ఒక మూల తప్పకుండా ఉంటుంది. ఆ లెక్కన బోర్లా పడింది సుమారు అయిదు నెలలకు, కూర్చున్నది సుమారు ఏడు నెలలకు. రెండూ వేళకు జరిగినవే. నీళ్ళు పట్టించాక తూచిన 6.6 కిలోల బరువు కూడా పది నెలల గడిలో పెడితే ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టులో మామూలు బరువుకు కింది హద్దుగా ఉన్న గీతకు దిగువన పడుతుంది, ఎనిమిది నెలల గడిలో పెడితే దానికి పైన ఉంటుంది.

అయినా నా కళ్ళతో చూడాలనిపించి పిల్లను పక్క మీద కూర్చోబెట్టి ఒక స్టీలు చెంచా ఇచ్చాను. కుడి చేత్తో అందుకుని, ఎడమ చేతికి మార్చుకుని, నోట్లో పెట్టుకుని చప్పరించి, అప్పుడు తలెత్తి నా ముఖాన్ని పట్టిపట్టి చూసి, పెదవి విరిచి, గభాలున నాయనమ్మ కొంగులోకి తిరిగిపోయింది. కొత్తవాళ్ళను చూసి బెదరడం ఆ వయసులో రావలసిన గుణమే; ఆ ఏడుపు వింటే నర్సుకు సంతోషం కలగాలి. హౌస్ సర్జన్‌కు కాగితం చూపించాను, ఆయన గౌరవంగానే విని షీటు దిద్దారు.

అంతమాత్రాన ఆ పిల్లను నిశ్చింతగా ఇంటికి పంపలేము. నెలలు నిండకుండా పుట్టినవారికి మొదటి 30 రోజుల్లోపు రెటీనా పరీక్ష జరిగిందా, వినికిడి పరీక్ష చేయించారా, ఐరన్ చుక్కలు వేస్తున్నారా అని అడగాలి; పిల్లల్లో లోపాలను తొందరగా గుర్తించి చూసే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి రాసి పంపాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే ప్రభుత్వ పథకం ఇలాంటి పిల్లల కోసం కూడా ఉంది. ఇంకొకటి, సవరించిన వయసు టీకాలకు వర్తించదు. ఏడో నెల పిల్ల కదా అని ఆ ఇంట్లో తొమ్మిదో నెల తట్టు, రుబెల్లా టీకాను వాయిదా వేశారు. టీకాలకు పుట్టిన తేదీయే లెక్క.

నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, పారాడితే పాయసం, అడుగులకు అరిసెలు, పలుకులకు చిలకలు అని మన ఇళ్ళలో ఉన్న వరుస, ఇంటింటికీ కొద్ది తేడాతో, మీరు చదివే వికాస పట్టికే. నెల అడిగితే తల్లి తడబడుతుంది. వంట అడిగితే ఇంటి పెద్దావిడ పండుగతో సహా చెబుతుంది. నా అభిప్రాయంలో ఈ వరుసను నర్సింగ్ పాఠ్యపుస్తకంలో మొదటి పేజీలోనే వేయాలి. పరీక్షల్లో "ఏ నెలలో నడుస్తాడు?" అని ఒకే అంకె అడగడం కూడా నాకు నచ్చదు. మన దేశంతో సహా అయిదు దేశాల పిల్లలను పరిశీలించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం ఒంటరి నడక 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడు వచ్చినా మామూలే. పన్నెండు అని బట్టీ పట్టినవారు పద్నాలుగో నెల బిడ్డ తల్లిని ఊరికే బెదరగొడతారు.

బెదిరింపులంటే గుర్తుకొచ్చింది. "అల్లరి చేస్తే నర్సుతో సూది వేయిస్తా" అనే తల్లిదండ్రులతో నేను వేగలేకపోతున్నాను. రెండు నుంచి ఏడేళ్ళ మధ్య పిల్లల ఆలోచన గురించి స్విస్ మనస్తత్వవేత్త పియాజే చెప్పినది మీరు చదివే ఉంటారు. ఆ వయసులో జబ్బును తాము చేసిన తప్పుకు శిక్షగా భావిస్తారు. "చెల్లిని కొట్టినందుకే సూది వేస్తున్నారా?" అని ఒక నాలుగేళ్ళ పిల్లవాడు నన్ను సూటిగా అడిగాడు. కాదు, జ్వరం తగ్గడానికి అని చెప్పి, వాడి చేతిలోని బొమ్మకు ముందు దూది రుద్ది చూపించాక గాని చెయ్యి ఇవ్వలేదు. అందుకే పడుకునే మంచం మీద సూది పొడవవద్దని, వేరే గదికి తీసుకువెళ్ళమని జూనియర్లకు చెబుతుంటాను. మంచం వాడికి భయంలేని చోటుగా మిగలాలి.

రౌండ్స్ వేళ తల్లులను బయటికి తరిమే సెక్యూరిటీ పద్ధతి మీదా నాకు కోపమే. తల్లి నుంచి విడదీసి ఆసుపత్రిలో ఉంచిన పిల్లలు ముందు గగ్గోలు పెడతారు, తర్వాత ముడుచుకుపోతారు, చివరికి తల్లి వచ్చినా పట్టించుకోరని బౌల్బీ, రాబర్ట్‌సన్ అనే పరిశోధకులు 1950ల్లోనే ఇంగ్లండులో గమనించారు. 1959లో ప్లాట్ కమిటీ అనే ప్రభుత్వ సంఘం అక్కడి ఆసుపత్రుల్లో పిల్లలను చూడటానికి వేళల ఆంక్షలు తీసేయమంది. ఏడాదిన్నర పిల్ల ఏడుపు మానేస్తే "అలవాటు పడింది, మంచి పాప" అని డ్యూటీ మారేటప్పుడు హ్యాండోవర్‌లో చెప్పే సిస్టర్లు మనలో ఇంకా ఉన్నారు.

చివరిగా, పిల్లవాడు వార్డులో చేరాక మళ్ళీ పక్క తడపడం, చేత్తో తినేవాడు తినిపించమనడం చూసి తల్లులు కంగారు పడతారు. అది ఆసుపత్రి ఒత్తిడి వల్ల వచ్చిన వెనుకంజ, ఇంటికి వెళ్ళాక నెమ్మదిగా సర్దుకుంటుందని వాళ్ళకు చెప్పండి. కాని ఆసుపత్రికి రాకముందే వచ్చిన మాటలు పోయాయనో, చేత్తో వస్తువు పట్టుకోవడం మానేశాడనో ఎవరైనా అంటే మాత్రం ఆ మాటను షీటులో వాళ్ళ మాటల్లోనే రాసి, మరుసటి రౌండ్స్ దాకా ఆగకుండా డ్యూటీ డాక్టరుకు అప్పుడే చెప్పాలి.