టీబీ సోకిన నర్సు రాజీనామా చేయాలా?

ప్రశ్న: ఒక ప్రైవేటు ఆసుపత్రి ఛాతీ వ్యాధుల వార్డులో మూడేళ్లుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. జీతంలో ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కోత ఉంది. గత నెల నాకు ఊపిరితిత్తుల టీబీ అని తేలింది. ఇన్నాళ్లూ మాకు పరీక్షలేవీ చేయించలేదు, సర్జికల్ మాస్కులే ఇచ్చారు. జబ్బు బయటెక్కడో అంటుకుందంటూ యాజమాన్యం నన్ను రాజీనామా చేయమంటోంది. ఏం చేయాలి?

జవాబు: ముందుగా, రాజీనామా పత్రంపై సంతకం చేయకండి. ఆరు నెలల మందులతో సాధారణంగా నయమయ్యే జబ్బును సాకుగా చూపి ఉద్యోగం తీసేస్తే దాన్ని సవాలు చేయవచ్చు. మీరే రాజీనామా ఇస్తే ఆ వాదన బలహీనపడుతుంది.

జబ్బు ఎక్కడ అంటుకుందో మీరు రుజువు చేయనక్కరలేదు. టీబీ ఇంత విస్తృతంగా ఉన్న దేశంలో ఏ రోగి దగ్గర ఆ క్రిమి సోకిందో నర్సులెవరూ చూపలేరు. అందుకే 1923 నాటి పరిహార చట్టం, 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం వైద్య, ప్రయోగశాల పనుల్లో సోకే అంటువ్యాధులను వృత్తి వ్యాధులుగా గుర్తించాయి. ఆ చట్టాల స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కూడా మూడో షెడ్యూలులో ఆ జాబితాను కొనసాగించింది. కనుక మీ జబ్బును పనివల్ల కలిగిన గాయం (ఉద్యోగ గాయం)గానే చట్టం భావిస్తుంది, కాదనేవారే రుజువు చూపాలి.

ఈఎస్‌ఐ సాయానికి పెట్టే మీ దరఖాస్తులో ఇది వృత్తి వ్యాధి అని స్పష్టంగా రాయించండి. మామూలు అనారోగ్యంగా నమోదైతే వేతనంలో 70 శాతం, అదీ ఏడాదికి 91 రోజులే వస్తుంది. టీబీకి ప్రత్యేకంగా పొడిగించిన సాయం 80 శాతం. ఉద్యోగ గాయంగా అంగీకరిస్తే, పనిచేయలేని కాలానికి దాదాపు 90 శాతం అందుతుంది. చాలామంది నర్సులు ఈ తేడా తెలియకనే నష్టపోతున్నారు. ఈఎస్‌ఐ పరిధిలో ఉన్నవారు ఇదే జబ్బుకు యాజమాన్యం నుంచి వేరుగా పరిహారం కోరలేరు.

వార్డు డ్యూటీ రోస్టర్, చేరినప్పటి ఆరోగ్య పరీక్ష నివేదిక, కఫ పరీక్ష ఫలితం, నిక్షయ్ (టీబీ రోగుల ప్రభుత్వ నమోదు) నంబరు భద్రపరచుకుని, యాజమాన్యానికీ ఈఎస్‌ఐ శాఖా కార్యాలయానికీ రాతపూర్వకంగా తెలియజేసి రసీదు తీసుకోండి.

పరీక్షలు, మాస్కుల విషయంలోనూ మీ ఫిర్యాదు న్యాయమైనదే. వృత్తి వ్యాధి కలిగించే ప్రమాదాలు లేకుండా పనిచోటును ఉంచడం వృత్తి భద్రతా కోడ్ ప్రకారం యజమాని బాధ్యత. సర్జికల్ మాస్కు పెట్టుకున్నవారి తుంపర్లను అడ్డుకుంటుందే గానీ, గాలిలో తేలే టీబీ క్రిములను పీల్చకుండా కాపాడలేదు. అందుకు ఎన్95 కావాలి. మీ తోటివారికి కూడా వెంటనే పరీక్షలు చేయించాలని అదే లేఖలో కోరండి.