మీ అభిప్రాయాల సంగతి తర్వాత, ముందు ఆ పాపకు జవాబు చెప్పండి

ప్రశ్న: నాకు 67 ఏళ్లు. ఉద్యోగం కోసం 31 ఏళ్ల కిందట దేశం వదిలి వచ్చాను. రిటైరై మూడేళ్లయింది. ఏ దేశమో వేయొద్దని మనవి, తెలిసినవాళ్లు చదువుతారు. ఇక్కడి మనుషులు మర్యాదగా ఉంటారు కానీ దగ్గరికి రారు. అక్కడివాళ్లు ఇట్టే దగ్గరవుతారు కానీ ఒక పద్ధతి ఉండదు. రెండు దేశాల రాజకీయాలూ గమనిస్తుంటాను. పోయిన ఎన్నికలప్పుడు ఎవరికి ఓటెయ్యాలో, ఎందుకో కుటుంబం వాట్సాప్ గ్రూపులో వివరంగా రాశాను. మా తమ్ముడు 'అక్కడ కూర్చుని చెప్పడం తేలికే అన్నయ్యా' అని పెట్టి గ్రూపులోంచి వెళ్లిపోయాడు. ఈ దేశంలోకి వలస వచ్చేవాళ్లను ఆపాలని, వచ్చినవాళ్లలో సగం మందిని వెనక్కి పంపాలని ఒక ఆదివారం భోజనాల దగ్గర అన్నాను. అల్లుడు లేచి వెళ్లిపోయాడు. ఆరేళ్ల మనవరాలు 'తాతయ్యా, మమ్మల్ని కూడా పంపేస్తారా?' అంది. రెండు నెలలుగా అమ్మాయి మా ఇంటికి రావడం లేదు. నాకు సొంత దేశానికి వెళ్లిపోవాలని ఉంది, నా భార్య రానంటోంది. ఇన్నేళ్ల అనుభవంతో చెప్పే మాట ఎవరికీ పట్టదా? నా అభిప్రాయాల్లో తప్పేముంది?

జవాబు: పెద్దవారు, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పైన వేసింది సారాంశమే, మీరు రాసింది తొమ్మిది పేజీలు. అందులో అయిదు పేజీలు రాజకీయాలు. రెండు పేజీలు ఇక్కడివాళ్లకూ అక్కడివాళ్లకూ తేడాలు. మీ శ్రీమతి గురించి చెదురుమదురుగా పది లైన్లు. మనవరాలు అడిగిన మాట ఒక్క లైను. ఆ మాటకు మీరేం జవాబిచ్చారో ఎక్కడా లేదు. ఇంకో కాగితం ఉండిపోయిందేమోనని కవరు మళ్లీ తీసి చూశాను.

మీ అభిప్రాయాల్లో తప్పుందో లేదో నేను చెప్పను. ఏ దేశమైనా ఎంతమందిని రానివ్వాలి, ఎలా రానివ్వాలి అన్నదాని మీద బుద్ధిమంతులే రెండు పక్కలా ఉంటారు. ఎవరి పక్షం సరైందో తేల్చడం ఈ శీర్షిక పని కాదు. అయితే మీ మాట వెనక నాకు కనిపించింది ఒకటుంది. ఎప్పుడో వచ్చి, ఆఫీసుల చుట్టూ తిరిగి, ఒక్కో కాగితం సంపాదించుకున్నవాళ్లు కొత్తగా వచ్చేవాళ్ల మీద కటువుగా మాట్లాడటం వింతేమీ కాదు. నేను చాలామందిలో చూశాను. 'మేం వరసలో నిలబడి వచ్చాం' అన్న ఉక్రోషం కొంత. దాని అడుగున భయం కూడా ఉంటుంది. రేపు ఇక్కడివాళ్లకు కోపం వస్తే వాళ్లనీ మమ్మల్నీ ఒకే గాటన కడతారేమో అన్న భయం. మీరు తొమ్మిది పేజీల్లో ఎక్కడా ఆ మాట అనలేదు. మీ మనవరాలు ఒక్క ముక్కలో అనేసింది.

దాన్ని మీరు 'చిన్నపిల్ల మాట' అని రాశారు. చిన్నపిల్ల కాబట్టే అడగగలిగింది. అల్లుడు అదే మాట అడగలేక లేచిపోయాడు. మీ అమ్మాయి అడగలేక రావడం మానేసింది. 'ఈ తరానికి భిన్నాభిప్రాయం భరించే ఓపిక లేదు' అన్నారు. నాకు అలా అనిపించలేదు. మీ అమ్మాయి మీ రాజకీయాలు ఇన్నేళ్లుగా వింటూనే ఉంది కదా, ఆదివారం ఆదివారం వస్తూనే ఉంది. ఆమె ఆగిపోయింది కూతురి మొహం చూశాక.

ఇక ఆ అభిప్రాయాలు మీకు ఎందుకంత అవసరమయ్యాయో చూద్దాం. మీ సంతకం లేకుండా ఫైలు కదిలేది కాదని గర్వంగా రాశారు. గర్వపడాల్సిందే. ముప్ఫై ఏళ్ల పాటు రోజూ ఎవరో ఒకరు మీ దగ్గరికి వచ్చి 'ఏం చేద్దాం సార్' అన్నారు. ఒక శుక్రవారం సాయంత్రంతో అది ఆగిపోయింది. జవాబులు చెప్పే అలవాటు మాత్రం ఆగలేదు. ఇప్పుడు ఎవరూ అడగని ప్రశ్నలకు జవాబులు చెబుతున్నారు. రాజకీయాలు దానికి బాగా పనికొస్తాయి. రోజూ కొత్త ఫైలు వస్తుంది, ఒక్కటీ మూతపడదు.

పైగా ఈ ఉద్యోగానికి నైట్ షిఫ్ట్ కూడా ఉంది! అక్కడ టీవీ చర్చలు మొదలయ్యే వేళకు ఇక్కడ తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చుంటున్నారు. మీ శ్రీమతి పక్క గదిలోకి మారిపోయారు. హాల్లో రెండు గోడ గడియారాలు, ఒకటి ఈ దేశం టైము, ఒకటి ఆ దేశం టైము. ఆ రెండోదాని బ్యాటరీ ఆవిడ తీసేశారని, మీరు మళ్లీ వేశారని, ఆవిడ మళ్లీ తీసేశారని రాసి 'మొండితనం' అన్నారు. నాకు నవ్వొచ్చింది, తర్వాత బాధేసింది. ఆవిడకు ఆ దేశం మీద కోపమై ఉండదు. ఒకే ఇంట్లో ఉంటూ భర్త వేరే పొద్దులో బతుకుతున్నాడని ఆవిడ బాధ. నోటితో చెబితే చర్చ అవుతుంది, చర్చలో మీరే గెలుస్తారు. అందుకని బ్యాటరీ తీశారు.

నిద్ర సంగతి తేలిగ్గా తీసుకోకండి. మూడేళ్లుగా నిద్ర సరిగా లేక, చిన్నదానికీ చిరాకు వస్తూ, వార్తలు తప్ప దేనిమీదా ఆసక్తి లేకపోతే అది దేశభక్తి కాకపోవచ్చు. రిటైరయ్యాక వచ్చే డిప్రెషన్ మగవాళ్లలో చాలాసార్లు ఏడుపుగా కాదు, కోపంగా బయటపడుతుంది. ఒకసారి డాక్టరును కలిసి ఇవే మాటలు చెప్పండి.

తమ్ముడి విషయం. ఊరు విడిచి వెళ్లినవాడు ఆ ఊరి రాజకీయం మీద మాట్లాడొచ్చా అన్నది మీ ఒక్క ఇంటి తగువు కాదు, దేశాలకే తెగలేదు. బ్రిటన్ తన పౌరులు 15 ఏళ్లకు మించి బయట ఉంటే ఓటు తీసేసేది, 2024 జనవరిలో ఆ గడువు ఎత్తేసింది. ఫ్రాన్స్ అయితే 2012 నుంచి విదేశాల్లో ఉన్న తన పౌరులకే ప్రత్యేకంగా 11 మంది పార్లమెంటు సభ్యులను ఇచ్చింది. భారతదేశం 2011 నుంచి పాస్‌పోర్టు వదులుకోని ప్రవాసులను ఓటర్ల జాబితాలో చేర్చుకుంటోంది కానీ, ఓటు వేయాలంటే స్వయంగా పోలింగ్ బూత్‌కు రావాలంటుంది. కాబట్టి మాట్లాడే హక్కు మీకుందనే అనుకుందాం. జాతీయవాదం మీద ఏళ్ల తరబడి పనిచేసిన పండితుడు బెనెడిక్ట్ ఆండర్సన్ 1992లో ఇంకో కోణం చూపించాడు. దూరం నుంచి నడిపే జాతీయవాదంలో ఒక సుఖం ఉందన్నాడు. అక్కడ పన్ను కట్టక్కర్లేదు, జైలుకు పోనక్కర్లేదు, మాట బెడిసికొడితే ఆ దెబ్బ మన మీద పడదు. మీ తమ్ముడు ఆయన్ని చదివి ఉండకపోవచ్చు. ఒక్క లైనులో అదే చెప్పాడు.

కానీ ఆ లైను ఎన్నికల గురించి మాత్రమే అని నేను అనుకోవడం లేదు. ఆరో పేజీలో, మరేదో చెబుతూ మధ్యలో, 'అమ్మానాన్నల ఆఖరి రోజుల్లో వాడే దగ్గరుండి చూసుకున్నాడు, నేను డబ్బుకు లోటు రానివ్వలేదు' అని రాశారు. మీరు పంపిన డబ్బు చిన్నదేమీ కాదు. అది లేకపోతే వైద్యమే నడిచేది కాదేమో. కానీ రాత్రి ఆస్పత్రి వరండాలో కూర్చున్నవాడు ఒకడున్నాడు. అప్పుడు కూడా మీరు ఫోన్లో 'ఈ డాక్టరు వద్దు, ఆ డాక్టరుకు చూపించు' అనే ఉంటారు. మంచికే అని ఉంటారు. ఇప్పుడు మరోసారి 'అక్కడ కూర్చుని చెప్పడం తేలికే అన్నయ్యా' అన్న మాటను ఎన్నికలు పక్కనబెట్టి చదవండి.

అతనికి సంజాయిషీ రాయకండి, మీరు రాస్తే మూడు పేజీలవుతుంది. ఫోన్ చెయ్యండి. 'ఆ రోజుల్లో ఒక్కడివే ఎలా నెట్టుకొచ్చావురా, నేనెప్పుడూ అడగలేదు' అనండి. తర్వాత ఊరుకోండి. అతను ఏం మాట్లాడినా మధ్యలో దిద్దకండి. మొదటిసారి ఏమీ చెప్పకపోవచ్చు, విసుక్కోవచ్చు కూడా. వారం ఆగి మళ్లీ చెయ్యండి. రాజకీయాలు అతను ఎత్తేదాకా మీరు ఎత్తొద్దు.

ఇక వెనక్కి వెళ్లిపోవడం. నాజీల వల్ల ఆస్ట్రియా వదిలి, 1939లో అమెరికా చేరిన ఆల్ఫ్రెడ్ షుట్జ్ అనే సామాజిక శాస్త్రవేత్త, 1945లో ఇల్లు చేరేవాడి గురించి ఒక వ్యాసం రాశాడు. గ్రీకు వీరుడు ఒడిస్సియస్ కథతో మొదలుపెట్టాడు. ఇరవై ఏళ్ల తర్వాత అతణ్ని నిద్రలోనే సొంత ద్వీపం ఒడ్డున దించి పోతారు. కళ్లు తెరిచి చూస్తే అది తన ఊరేనని అతను గుర్తుపట్టలేడు. కొత్త దేశానికి వెళ్లేవాడికి తెలియని చోటుకు వెళుతున్నానన్న ఎరుకైనా ఉంటుంది, సిద్ధపడతాడు. ఇంటికి వచ్చేవాడు అంతా తెలుసనుకుని దిగుతాడు, అందుకే ఎక్కువ దెబ్బ తింటాడు. మీరు వెళదామంటున్నది 31 ఏళ్ల కిందటి దేశానికి. దానికి విమానాలు లేవు. ఇప్పుడున్నది మీ తమ్ముడి దేశం, అక్కడ మీరు కొత్తవాళ్లు.

అలాగని వెళ్లొద్దనడం లేదు. సెలవుల్లో చుట్టపుచూపుగా కాకుండా నాలుగు నెలలు అద్దె ఇంట్లో ఉండి చూడండి. కరెంటు బిల్లు మీరే కట్టండి, ఆస్పత్రి క్యూలో మీరే నిలబడండి, మిమ్మల్ని ఎవరూ విమానాశ్రయానికి వచ్చి తీసుకెళ్లకూడదు. రెండో నెల గడిచేసరికి మనసు సంగతి మీకే తెలుస్తుంది. దానికంటే ముందు కాగితాలు చూసుకోండి. మీది ఏ దేశమో నేను చెప్పకూడదు కాబట్టి వేరే దేశాల ఉదాహరణలే ఇస్తాను. అమెరికాలో పెద్దవయసువాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ సాధారణంగా ఆ దేశం బయట జరిగిన వైద్యానికి డబ్బు కట్టదు. బ్రిటన్ ప్రభుత్వ పెన్షన్ తీసుకుంటూ కెనడాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడితే ఏటా పెరగాల్సింది పెరగకుండా ఆగిపోతుంది. అమెరికా గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ముందుగా రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోకుండా ఏడాదికి మించి బయట ఉంటే మళ్లీ రావడానికి చిక్కులొస్తాయి. మీ పెన్షన్, మీ ఆరోగ్య బీమా, తిరిగొచ్చే హక్కు, ఈ మూడింటి మీద రాతపూర్వకంగా సమాధానం తెచ్చుకునేదాకా ఇల్లు అమ్మకానికి పెట్టకండి.

శ్రీమతి విషయంలో 'ఆమెకు ఇక్కడ ఏముందని' అన్నారు. మీరు రాసిన పది లైన్లలోనే జవాబుంది. బడి గేటు దగ్గర, బస్సులో, పక్కింటి గుమ్మంలో ఆవిడ ఇక్కడి భాష నేర్చుకున్నారు. మీరు ఆఫీసులో ఇంగ్లిష్‌తో సరిపెట్టుకున్నారు. పక్కింటి ముసలావిడకు కాలు విరిగితే ఆరు వారాలు సరుకులు తెచ్చిపెట్టింది మీ ఆవిడే. 'ఇక్కడివాళ్లు దగ్గరికి రారు' అన్న పేజీలోనే ఈ సంగతీ రాశారు, చూసుకున్నారో లేదో. మీ వెంట ఒక దేశం వదిలి వచ్చిన మనిషి ఆవిడ. రెండో దేశం ఆవిడ స్వయంగా కట్టుకున్నది. దాన్నీ వదలమనే ముందు, ఇందులో ఎవరెవరు ఉన్నారో చూపించమని అడగండి. ఆవిడ వెళ్లే చోటుకు ఒక రోజు మీరూ వెళ్లండి, వాదించడానికి కాదు, సంచీ మొయ్యడానికి. వచ్చీరాని భాషలో నాలుగు ముక్కలు మాట్లాడితే నలుగురు నవ్వుతారు. ఆ నవ్వులో మీరు అనుకున్నంత దూరం ఉండదు.

ఇవన్నీ నెలల పని. మనవరాలి పని ఈ వారంలోది. అమ్మాయికి ఫోన్ చేసి, 'ఆ రోజు నేనన్న మాట పాపను భయపెట్టింది. తన ప్రశ్నకు జవాబు చెప్పకుండా వదిలేశాను. వచ్చి చెబుతాను' అనండి. 'కానీ నేనన్న దాంట్లో' అని మొదలుపెడితే ఫోన్ అక్కడే అయిపోతుంది, ఆ 'కానీ' వద్దు. వాళ్లింటికే వెళ్లండి, వాళ్లను రమ్మనకండి. అల్లుడు పలకరించకపోయినా నొచ్చుకోకండి, అతని వంతు తర్వాత వస్తుంది. పాప ఎదురుగా నేలమీద కూర్చోండి, మోకాళ్లు ఒప్పుకుంటే. 'ఆ రోజు నువ్వు అడిగావు కదా, మిమ్మల్ని ఎవరూ పంపరు, తాతయ్య కోపంలో అలా మాట్లాడాడు, తాతయ్య కూడా ఇక్కడికి బయటినుంచి వచ్చినవాడే' అని చెప్పండి. ఆరేళ్ల పిల్లలు ఒక్క ప్రశ్నతో ఆగరు. 'మరి తాతయ్యా, నువ్వెందుకొచ్చావు?' అంటుంది. తొమ్మిది పేజీల్లో అది కూడా నాకు కనిపించలేదు. తనకైనా చెప్పండి.