తుపాకుల షాపులో రిజిస్టర్ రాయబోయే మేనకోడలికి

చిరంజీవికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు తుపాకుల షాపులో రికార్డుల పనికి కుదిరావని అక్క ఫోన్ చేసింది. ఆడపిల్ల అలాంటి చోట ఎలా ఉంటుందోనని తనకి ఒకటే టెన్షన్. ఇదే బెంగళూరులో ముప్పై ఏళ్ళు ఆ పనే చేశాను, భయమేం లేదని చెప్పాను. నీకు మాత్రం కొన్ని జాగ్రత్తలు రాసి ఇవ్వాలనిపించింది.

సీరియల్ నంబరు ఎప్పుడూ తుపాకీ మీద చూసి రాయి. లైసెన్సు పుస్తకంలోంచి ఎక్కించకు. ముందు మీ మెకానిక్ తుపాకీ తెరిచి లోపల తూటా లేదని నీ కళ్ళకి చూపించాలి. అప్పటిదాకా ముట్టుకోకు. తర్వాత గుడ్డతో జిడ్డు తుడిచి, టార్చిలైటు పక్కనుంచి ఏటవాలుగా పట్టు. ఎదురుగా పడితే అంకెలు మెరిసిపోయి కనబడవు. పాత డబుల్ బ్యారల్‌కి బ్యారల్ మీదా బాడీ మీదా కూడా నంబరుంటుంది, రెండూ చూడు. తుప్పు పట్టినచోట 3 ఏదో 8 ఏదో తెలియదు. చిత్తుకాగితం మీద రాసుకుని, పైకి చదివి, అప్పుడు లైసెన్సుతో సరిచూడు. కలిస్తేనే రిజిస్టర్‌లోకి. కలవకపోతే కస్టమర్ ఎంత పెద్దమనిషైనా పని అక్కడ ఆపి ఓనరుకి చెప్పు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. చేరిన రెండో ఏడు, సాయంత్రం షాపు కట్టేసే వేళ, ఒక పెద్దాయన తుపాకీకి లైసెన్సులో ఉన్న నంబరే చూసి ఎక్కించేశాను. అందులో ఒక అంకె తప్పుంది. రెన్యువల్‌కి వెళ్ళినప్పుడు తుపాకీకీ కాగితాలకీ పొంతన కుదరక ఆ పెద్దాయన తుపాకీ ఆర్నెల్లు స్టేషన్లో ఉండిపోయింది. వాళ్ళ నాన్న వాడిన తుపాకీ అది. మాగడి నుంచి బస్సెక్కి వచ్చి మా కౌంటర్ ముందు నిలబడేవాడు. ఒక్కనాడూ నన్ను కోప్పడలేదు. "ఏమైనా తెలిసిందా అయ్యా" అని అడిగి వెళ్ళిపోయేవాడు. ఆ మాట నాకిప్పటికీ వినబడుతుంది.

లైసెన్సు చేతికొచ్చాక యూఐఎన్ (లైసెన్సుదారుకి ఇచ్చే ప్రత్యేక గుర్తింపు) నంబరు ఉందా, గడువుందా, ఏ ప్రాంతం వరకు చెల్లుతుంది అన్నవి చూడు. మన అనంతపురం, చిత్తూరు వైపు నుంచి తూటాలకి వస్తారు. తెలుగువాళ్ళని మొహమాటపడకు. ఏరియా దాటితే లేదని మర్యాదగా చెప్పేయ్. ఆయుధాల చట్టానికి 2019లో సవరణ వచ్చాక ఒక మనిషికి రెండు తుపాకులే. అంతకుముందు మూడు ఉండేవి. తాతలనాటివి వారసత్వంగా వచ్చినా ఆ లెక్కలోకే వస్తాయి. గడువు మాత్రం 3 ఏళ్ళ నుంచి 5కి పెరిగింది. కొడగువాళ్ళు కొందరు లైసెన్సు బదులు మినహాయింపు పత్రం చూపిస్తారు, కంగారుపడకు. అక్కడి కొడవ జాతివాళ్ళకీ, జమ్మా అనే వంశపారంపర్య భూములున్నవాళ్ళకీ ఆ హక్కు ఎప్పటినుంచో ఉంది, 2029 దాకా పొడిగించారు కూడా. పేర్లతో మనవాళ్ళకి ఇంకో తంటా. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఆధార్‌లో పొడి అక్షరం. లైసెన్సులో ఎలా ఉందో అలాగే రాయి.

సొంత తుపాకీని ఇంకొకరికి అమ్ముకుంటామని అడిగితే, ముందు అధికారులకి రాతపూర్వకంగా తెలియజేసి 45 రోజులు ఆగాలని చెప్పు. నిన్న రాసిచ్చి ఇవాళ చేతులు మార్చేస్తామంటే కుదరదు.

అసలు పరీక్ష ఎలక్షన్లప్పుడు. తుపాకులు స్టేషన్లోగానీ మీలాంటి డీలరు దగ్గరగానీ డిపాజిట్ చెయ్యమంటారు. ఒక్కసారిగా జనం వచ్చి పడతారు. ఎంత క్యూ ఉన్నా ఒకరి పని పూర్తయ్యాకే ఇంకొకరిది తీసుకో. ట్రిగ్గర్ చుట్టూ ఉండే గార్డుకి ట్యాగు కట్టి, అదే నంబరు రసీదు మీదా రిజిస్టర్‌లోనూ వేసి, రసీదు ఇచ్చాకే తుపాకీ లోపలికి పంపాలి. తూటాలు తెస్తే లెక్కపెట్టి వేరే రాయి. ఇచ్చేటప్పుడు మళ్ళీ నంబరు చదువు, సంతకం పెట్టించుకో.

భర్త పోయాక ఆయన తుపాకీ పాత దుప్పట్లో చుట్టుకుని వచ్చే ఆడవాళ్ళుంటారు. ఆ ఇనుము ఇంట్లో ఉంటే వాళ్ళకి నిద్రపట్టదు. వాళ్ళని ముందు కూర్చోబెట్టు, మంచినీళ్ళివ్వు. స్టేషన్లోనైనా లైసెన్సున్న డీలరు దగ్గరైనా డిపాజిట్ చెయ్యొచ్చని, వారసులు ఆ తర్వాత అప్లై చేసుకోవచ్చని నెమ్మదిగా చెప్పు. డెత్ సర్టిఫికెట్ మర్చిపోయారని విసుక్కోవద్దు.

రిజిస్టర్‌లో వైట్‌నర్ అన్నది వద్దు. తప్పైతే ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, తేదీ వేసి సంతకం పెట్టు. రోజూ సాయంత్రం స్టాక్ లెక్క బీరువా తెరిచి పెట్టు. కంప్యూటర్లో చూపించే బ్యాలెన్స్ చూసి తలూపకు. అలా చేస్తే ఇన్‌స్పెక్షన్‌కి ఎవరొచ్చినా ముందురోజు రాత్రి కూర్చోనక్కర్లేదు. ఎవరింట్లో ఏ తుపాకీ ఉందో బయట ఎవరితోనూ అనకు. అక్కతో కూడా. దొంగలకి కావలసింది ఆ అడ్రసులే.

నా భూతద్దం అక్క చేతికిచ్చి పంపుతున్నా. పిడి వదులైతే దారం చుట్టాను. ఆదివారం మల్లేశ్వరం వచ్చేయ్, డిపాజిట్ రిజిస్టర్‌కి గళ్ళు ఎలా గీసుకోవాలో చూపిస్తాను. మీ అత్త పెసరట్టు వేస్తానంది.

నీ మావయ్య