అరబీ నేర్చుకోబోయే అమ్మాయికి

చిరంజీవి చిన్నమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఉద్యోగం మానేసి అరబీ నేర్చుకుంటావట, వెయ్యేళ్ల కిందట మన దేశం గురించి అరబీలో గ్రంథం రాసిన అల్ బిరూనీ మీద పరిశోధన చేస్తావట. మీ నాన్న ఫోనులో చెబుతుంటే వాడి గొంతు నిండా కంగారే. నాకూ కంగారు పుట్టింది, కానీ దాని వెనకే గర్వం పొంగుకొచ్చింది. ఏళ్ల తరబడి నేను బిరూనీ పాఠం చెప్పింది 1888 నాటి సఖావ్ ఇంగ్లీషు అనువాదం పట్టుకునే. అరబీ మూలాన్ని అచ్చువేసిన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ మన ఉస్మానియా ప్రాంగణంలోనే ఉంది. ఆ సంపుటాలు ఒళ్లో పెట్టుకుని పుటలు తిప్పానే తప్ప ఒక్క వాక్యం చదవలేకపోయాను. నువ్వు చదువుతావు తల్లీ.

కొన్ని నెలల ఖర్చుకు డబ్బు పక్కన పెట్టుకో. కళ్లు పరీక్ష చేయించుకో. ఫోనులో పాఠాలు విని భాష వచ్చేసిందనుకోకు, గురువును వెతుక్కో. పూర్వం అరబీ పండితులు గ్రంథాన్ని గురువు ఎదుట చదివి, దాన్ని బోధించడానికి ‘ఇజాజా’ అనే అనుమతి పొందేవారు. ఇబ్న్ బతూతా అంతటి సంచారి కూడా 1326లో దమాస్కస్‌లో ఆగి ఇజాజాలు తీసుకున్నాడు.

నా అసలు భయం ఇబ్న్ బతూతా యాత్రల పుస్తకం దగ్గరే మొదలవుతుంది. 1325లో టాంజియర్ నుంచి బయలుదేరిన మనిషి 1349లో తిరిగి మొరాకో చేరాడు. తర్వాత అక్కడి సుల్తాను ఆజ్ఞపై ఆయన చెబుతుంటే ఇబ్న్ జుజయ్ అనే పండితుడు గ్రంథస్థం చేశాడు. దమాస్కస్ వచ్చేసరికి, అంతకు నూట నలభై ఏళ్ల ముందు ఆ నగరాన్ని చూసిన ఇబ్న్ జుబైర్ అనే యాత్రికుడి వర్ణనలు అందులోకి వచ్చి చేరాయి. కొన్నిచోట్ల జుబైర్ పేరు చెప్పారు, మరికొన్నిచోట్ల చెప్పలేదు. ఎంత అన్యాయం చూడు! బతూతా మాల్దీవుల్లో ఖాజీగా పనిచేసి, మాలీ రాజ్యం దాకా వెళ్లి కళ్లారా చూసి చెప్పిన సంగతులను కూడా ఇప్పుడు మనం అనుమానంతో చదవాల్సి వస్తోంది. ఆయన చైనా వెళ్లాడా లేదా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఇంకో నష్టం కూడా ఉంది. బుఖారాలో పండితుల సమాధుల మీది రాతలను ఆయన ఎత్తి రాసుకున్నాడు. ఆ కాగితాలు సముద్రంలో దొంగల పాలయ్యాయని ఆయనే చెప్పాడు. నీ నోట్సు రెండు చోట్ల దాచుకో, మొదటి రోజు నుంచే.

నువ్వు చిన్నప్పుడు కథ సగం విని, మిగతాది కల్పించి చెప్పేదానివి. అప్పుడు నవ్వాను. ఇప్పుడు నవ్వను. ప్రతి వాక్యం పక్కనా చూశావా, విన్నావా, చదివావా రాసుకో.

బిరూనీ తన భారతదేశ గ్రంథాన్ని మొదలుపెట్టడమే విన్నది కన్నదానికి సాటి రాదంటూ మొదలుపెట్టాడు. మన దాకా రాలేదు గానీ, ఆంధ్రదేశంలో ఆంధ్రీ లిపి ఉందని నమోదు చేశాడు. దక్షిణాదిన రాతకు వాడే తాటాకులు మూరెడు పొడవు, మూడు వేళ్ల వెడల్పు ఉంటాయని, నడుమ రంధ్రం చేసి తాడు దూరుస్తారని రాశాడు. మా తాతగారి తాటాకు కట్ట చూసినవాణ్ణి కనుక ఆ వాక్యాల దగ్గర నాకు ఒళ్లు పులకరించేది. ఒక పదాన్ని హిందువుల నోట విని, ఎంతో శ్రద్ధగా రాసుకుని తిరిగి పలికితే దాన్ని గుర్తుపట్టడానికి వాళ్లే ఎంతో ఇబ్బంది పడేవారని కూడా దాచకుండా చెప్పాడు. గజనీ ఆస్థానంలో ఉన్నవాడే గజనీ సుల్తాను మహమూద్ దాడులకు హిందువులు ధూళిలా చెదిరిపోయారని, విద్యలు కాశ్మీరం, కాశీ వైపు తరలిపోయాయని రాశాడు. మన పూర్వీకుల అహంకారాన్ని ఎండగట్టిన పుటలూ ఉన్నాయి. చదివితే నొచ్చుకుంటావు. అనువదించేటప్పుడు వాటిని మెత్తబరచకు.

గురువు కుదిరాక నెలకు ఎంత తీసుకుంటారో రాయి. మీ నాన్నతో నేను మాట్లాడతాను, వాడి కోపం రెండు పూటలకు మించి ఉండదు. పెద్దమ్మ సున్నుండలు పంపుతోంది. రాత్రి భోజనం మానేసి చదువుతున్నావని తెలిస్తే మాత్రం నేనే బయలుదేరి వస్తాను.

నీ పెదనాన్న